పసిపిల్లలకు ఇంటివద్ద ఇంగ్లీషు

ఇంటికి చుట్టాలు వస్తారు. ఐదేళ్ళ పాపను ముందుకు పిలిచి, "ఏదీ, తాతగారికి ఒక రైమ్ చెప్పమ్మా" అంటారు. పాప చేతులు కట్టుకొని నిలబడి, ఊపిరి తిప్పుకోకుండా ఒక ఇంగ్లీషు గేయం అప్పగిస్తుంది. అందులో గొర్రె వస్తుంది, ఉన్ని వస్తుంది, ఎవరో దొరగారూ వస్తారు. ఆ గొర్రె ఏ రంగుదో, ఉన్ని ఎవరికిచ్చిందో పాపకు తెలియదు. తెలుసా అని అడిగినవారూ లేరు. అందరూ చప్పట్లు కొడతారు. కొంతసేపటికి ఆ పాపే వంటింట్లోకి పోయి, "అమ్మా, దాహం వేస్తోందే, ఆ మట్టి కుండలో నీళ్ళే కావాలి" అంటుంది. తల్లి వెంటనే అడ్డుపడి, "వాటర్ అనాలి" అంటుంది. పాప "వాటర్" అంటుంది. దాహం సంగతి, మట్టి కుండ సంగతి, ఆ కుండలోని నీళ్ళ చల్లదనం సంగతి అక్కడితో ఆగిపోతాయి. ఎనిమిది మాటల వాక్యం ఒక్క మాటకు కుదించుకుపోయింది.

ఇటువంటి ఇళ్ళు నేడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఊరూరా ఉన్నాయి. వాటిలో ప్రేమకు లోటు లేదు. తాము పడిన ఇబ్బంది తమ బిడ్డ పడకూడదన్న తపనే ఆ తల్లిదండ్రులచేత అట్లా చేయిస్తున్నది. పదో తరగతితో చదువాగిపోయిన తల్లి, బస్సు డిపోలో పనిచేసే తండ్రి, తమకు వచ్చిన ముప్పై నలభై ఇంగ్లీషు మాటలతోనే బిడ్డతో మాట్లాడాలని దీక్ష పూనుతారు. 'కమ్', 'సిట్', 'ఈట్', 'డోంట్ టచ్' వంటి ఆజ్ఞలు ఇంట్లో మిగులుతాయి. కథలు, పొడుపు కథలు, 'ఎందుకు, ఎట్లా' అన్న ప్రశ్నలు, తగవులు, బుజ్జగింపులు మెల్లమెల్లగా తప్పుకుంటాయి. ఇంట్లోకి ఇంగ్లీషు ప్రవేశించడంలో నష్టమేమీ లేదు. ఇంట్లో నుంచి సంభాషణ వెళ్ళిపోవడంలోనే ఉంది నష్టమంతా.

ఇంగ్లీషు నేర్పాలా, వద్దా అన్నది ఇక్కడి ప్రశ్న కాదు. దేశంలో ఉన్నత విద్యకూ, పై న్యాయస్థానాల వ్యవహారానికీ, రాష్ట్రాల మధ్య ఉత్తర ప్రత్యుత్తరాలకూ ఆ భాష ఉపయోగపడుతూనే ఉంది. బిడ్డకు అది రావాలని కోరుకోవడం సహజం, న్యాయం. ఎప్పుడు, ఏ వరుసలో, దేని ఆధారంగా నేర్పాలన్నదే ఆలోచించవలసిన విషయం. ఈ దేశంలోనే, ఇళ్ళలోనే, ఇంతకు పూర్వం జరిగిన ప్రయత్నాలు రెండు ఈ సందర్భంలో గమనింపదగినవి.

మొదటిది హైదరాబాదులో జరిగింది. 1879లో జన్మించిన సరోజినీ దేవి తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయ బెంగాలీయుడు, శాస్త్రవేత్త, నిజాం కళాశాల స్థాపనకు మూలపురుషుడు. కూతురికి ఇంగ్లీషు రావాలని ఆయన పట్టుదల. ఆ పిల్ల మాట్లాడనని మొండికేసింది. తొమ్మిదో ఏట ఒకరోజంతా ఆమెను గదిలో ఒంటరిగా ఉంచి తలుపు వేశారట. బయటికి వచ్చేసరికి ఆమె చక్కగా ఇంగ్లీషు మాట్లాడిందట. ఈ సంగతి ఆమే ఒక లేఖలో చెప్పుకున్నారు. 1905లో వెలువడిన ఆమె తొలి ప్రధాన కవితా సంపుటి 'ది గోల్డెన్ థ్రెషోల్డ్' పీఠికలో అది చేరింది. ఆ తరువాత తండ్రితో ఆమె ఇంగ్లీషులోనే మాట్లాడేవారు. తల్లి మాత్రం ఆమెతో ఎప్పుడూ హిందుస్తానీలోనే మాట్లాడేది.

ఈ కథ విన్నవారందరికీ మూసిన గది గుర్తుంటుంది. కొందరు తల్లిదండ్రులకు అది ప్రోత్సాహకరంగా కూడా తోచవచ్చు! కాని గది తలుపు భాష నేర్పదు. ఆ పిల్ల మొండికేసింది మాట్లాడడానికే గాని, వినడానికి కాదు. ఆ ఇంటి ఆవరణలో దేశం నలుమూలల నుంచి వచ్చిన పండితులు, కవులు, సాధువులు నిత్యం సంభాషించేవారు. తల్లి వరదసుందరి యౌవనంలో బెంగాలీలో గీతాలు వ్రాసినది. బెంగాలీ, హిందుస్తానీ, ఇంగ్లీషు, వీధిలో తెలుగు వినిపించే ఊరు అది. తొమ్మిదేళ్ళపాటు చెవులు నింపుకొన్న బిడ్డ నోరు విప్పింది. పన్నెండో ఏట మద్రాసు విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ పరీక్షలో నెగ్గింది. ఆమె 1898లో తెలుగువారైన డాక్టరు గోవిందరాజులు నాయుడును వివాహమాడి సరోజినీ నాయుడు అయ్యారు. తండ్రి వేసిన శిక్షకు ఈ ఫలితాన్ని ఆపాదించడం కంటే, తల్లి తన భాషను విడిచిపెట్టకపోవడాన్ని గమనించడం మేలు.

రెండవది కలకత్తాలోని జొరాసాంకో ఠాకూరుల ఇల్లు. రవీంద్రనాథుడు తన బాల్యస్మృతులలో ఇంగ్లీషు పాఠం గురించి హాస్యంగా వ్రాసుకున్నాడు. పొద్దున మల్లయుద్ధం మొదలుకొని సాయంకాలం చిత్రలేఖనం దాకా అన్ని పాఠాలూ అయ్యాక, దీపాలు పెట్టిన తరువాత, ఇంగ్లీషు మాస్టారు వచ్చేవాడు. ఆయన వైద్య కళాశాల విద్యార్థి, మంచి ఆరోగ్యవంతుడు. ఒక్కరోజైనా రాకుండా ఉంటాడేమోనని పిల్లలు ఆశపడేవారు. కుండపోత వర్షంలో వీధి మోకాలిలోతు నీట మునిగిన సాయంకాలం, ఈ రోజు తప్పక రాడనుకొని సంతోషిస్తూ ఉండగా, వీధి మలుపులో ఆయన నల్లగొడుగు కనిపించిందట. పుస్తకం తెరవగానే నిద్ర ముంచుకువచ్చేది. ఆ మాస్టారు చెడ్డవాడు కాడు, పాఠపుస్తకమూ చెడ్డది కాదు. రోజంతా అలసిన పిల్లవాడికి, అర్థం కాని భాషను, నూనె దీపపు మసక వెలుతురులో బోధించడమే తప్పు.

అదే ఇంట్లో ఇంకొక సంగతీ జరిగింది. కలకత్తాలోని పెద్దకుటుంబాలన్నీ పిల్లల చదువంతా ఇంగ్లీషులోనే సాగాలని పరుగులు పెడుతున్న ఆ రోజులలో, రవీంద్రుని మూడవ అన్నగారు హేమేంద్రనాథుడు ఇంట్లో పిల్లలకు బెంగాలీలోనే చాలాకాలం చదువు చెప్పించాడు. రెండవ అన్నగారు సత్యేంద్రనాథుడు 1863లోనే ఐ.సి.ఎస్.కు ఎంపికైన తొలి భారతీయుడు. అట్టి ఇంట్లో ఈ నిర్ణయం తీసుకోవడానికి ధైర్యం కావాలి. పెద్దవాడైన తరువాత రవీంద్రుడు ఆ అన్నగారికి కృతజ్ఞత చెప్పుకున్నాడు. తన గీతాలను తానే ఇంగ్లీషులోకి మార్చి 1912లో ప్రకటించి, 1913లో నోబెల్ బహుమతి పొందినవాడికి ఇంగ్లీషు రాలేదని ఎవరనగలరు? శాంతినికేతనంలో విద్యాలయం పెట్టాక ఆయన చిన్నపిల్లల కోసం ఇంగ్లీషు వాచకాలు స్వయంగా రచించాడు. వాటిలో ఒకదాని పేరు 'ఇంగ్రేజి శ్రుతిశిక్ష', అంటే చెవి ద్వారా ఇంగ్లీషు నేర్పడం. పసితనంలో తనకు జరగనిది పరుల పిల్లలకు జరిపించాడన్నమాట.

ఐదేళ్ళు నిండిన తెలుగు బిడ్డకు ఎంత భాష వచ్చునో పెద్దలు సాధారణంగా గమనించరు. 'మేము వెళ్తాం' అనడానికీ, 'మనం వెళ్దాం' అనడానికీ గల భేదం ఆ బిడ్డకు తెలుసు. ఎదుటివారిని కలుపుకొని చెప్పే 'మనం', వారిని విడిచి చెప్పే 'మేము' అన్న తేడా ఇంగ్లీషులో లేదు. రెండింటికీ 'వియ్' అనే మాట ఒక్కటే. తింటే, తిన్నాక, తింటూ, తినకుండా, తినబోతే అని ఒక్క క్రియను ఎన్ని విధాలుగానో త్రిప్పగలదు. తాతగారితో 'రండి' అని, తమ్ముడితో 'రా' అని అనగలదు. ఎవరూ వ్యాకరణం చెప్పలేదు. ఐదేళ్ళు మాట్లాడించారు, అంతే. కార్యకారణాలు, ముందువెనుకలు, నిజం, కల్పన వంటి భావాలన్నీ ఆ మాటలతోపాటే ఏర్పడ్డాయి. రెండవ భాష నేర్చేటప్పుడు ఈ భావాలను తిరిగి మొదటినుంచి నేర్వనవసరం లేదు. వాటికి కొత్త మాటలు తొడిగితే చాలు. ఒక భాషలో గట్టిపడిన అక్షరాస్యత, ఆలోచనా సామర్థ్యం రెండవ భాషకు ఆధారమవుతాయని కెనడాకు చెందిన జిమ్ కమ్మిన్స్ 1979లో సిద్ధాంతీకరించారు. మన హేమేంద్రనాథుడికి ఆ సిద్ధాంతం తెలియదు గాని, దాని సారం తెలుసు.

ఇంతకూ ఆ బిడ్డకు ఇంగ్లీషు బొత్తిగా రాదా? బస్సు, కారు, రోడ్డు, స్కూలు, పెన్ను, టిక్కెట్టు, స్టేషను, కాఫీ, ఫోను, ఇవన్నీ ఏ భాషవి? ఒక సాయంకాలం ఇంట్లో అందరూ కూర్చుని తాము వాడే ఇంగ్లీషు మాటలను ఏరితే వందకు తక్కువ రావు. చదువురాని నాయనమ్మకూ వాటిలో వాటా ఉంటుంది. మొదటి పాఠానికి ఇంతకంటే మంచి వాచకం లేదు. తనకు ముందే వచ్చిన భాషను నేర్చుకోబోతున్నానన్న ధైర్యం బిడ్డకు కలుగుతుంది.

మాటల రాకపోకలు రెండు వైపులా జరిగాయన్న సంగతి కూడా పిల్లలకు చెప్పదగినది. ఇంగ్లీషు నిఘంటువులో 'బాండికూట్' అన్న మాట ఉంది. అది మన పందికొక్కే. పొలం గట్ల మీద కన్నాలు చేసే ఆ జంతువు తెలుగు పేరుతోనే ఇంగ్లీషులోకి దూరింది. 'కాటమరాన్' తమిళుల కట్టుమరం. 'కాయిర్' మలయాళుల కొబ్బరి పీచు. 'మంగూస్' మరాఠీ నుంచి వెళ్ళింది. మన ముంగిసతో దానికి చుట్టరికం వినబడుతూనే ఉంది. 'కాట్' హిందీ ఖాట్. 'షాంపూ' తలమర్దనకు సంబంధించిన హిందీ మాట నుంచి పుట్టింది. భారతదేశంలోని ఇన్ని భాషలు ఒక పరాయి నిఘంటువులో పక్కపక్కన కూర్చున్నాయని తెలిస్తే, ఏడెనిమిదేళ్ళ పిల్లవాడికి ఇంగ్లీషు మీద భయం పోవడమే గాక, పొరుగు రాష్ట్రాల భాషల మీద ఆసక్తి కూడా పుడుతుంది.

ఇక నేర్పే వరుస. వినడం, మాట్లాడడం, చదవడం, వ్రాయడం అనే నాలుగింటిలో మన ఇళ్ళలో సాధారణంగా నాలుగవదే మొదట వస్తుంది. మూడేళ్ళ బిడ్డ చేతికి పెన్సిలిచ్చి పుటలకు పుటలు 'ఎ, బి, సి, డి' దిద్దిస్తారు. ఇది ఇల్లు కట్టకముందే సున్నం వేసినట్టు.

మొదట చెవి. తెలుగు అజంత భాష. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. అందువల్లనే 'బస్', 'రోడ్', 'బుక్' అన్నవి మన నోట బస్సు, రోడ్డు, బుక్కు అయినాయి. తెలుగులో మాట్లాడేటప్పుడు అది తప్పు కాదు. భాష తనకు తగినట్టు మలచుకొన్నది. ఇంగ్లీషు వాక్యంలో మాత్రం ఆ చివరి ఉకారాన్ని విడిచిపెట్టడం బిడ్డకు ఒక ఆటగా నేర్పవచ్చు. 'మన బస్సు, వాళ్ళ బస్' అంటూ రెండు రకాలా పలికిస్తే పిల్లలు నవ్వుతూ తేడా పట్టుకుంటారు. కొన్ని ధ్వనులు మనకు లేవని వెనుకంజ వేయనక్కరలేదు. 'జొన్న', 'జడ' అన్నప్పుడు మన నోటికి వచ్చే దంత్య జకారం 'జీరో'లోని మొదటి ధ్వనికి చాలా దగ్గర. 'కాఫీ' అనగలిగిన బిడ్డ 'ఫ్యాన్' అనగలదు. ఇంగ్లీషులో వకారం వంటి ధ్వనులు రెండు, మనకు ఒకటే. ఆ తేడా వినివిని తెలియవలసిందే. ఉచ్చారణలో తెలుగుతనం కొంత మిగిలిపోతే మిగలనివ్వండి. మాట ఎదుటివారికి అర్థమయితే చాలు. ఆరేళ్ళ బిడ్డ నాలుకను లండను నాలుకగా మార్చవలసిన అగత్యం లేదు.

ఇంగ్లీషు రాని తల్లి బిడ్డకు ఇంగ్లీషు వినిపించడం ఎట్లా అన్న ప్రశ్న వస్తుంది. అది వాస్తవమైన ప్రశ్న. ఉపన్యాసాలలో దానిని దాటవేయడం పరిపాటి. రేడియో, టెలివిజను, చేతిలోని ఫోను ఇంగ్లీషును వినిపించగలవు; కాని అవి బిడ్డ చెప్పేది వినవు. వినేవారు లేనిచోట మాట పుట్టదు. తల్లి చేయగల గొప్ప పని అదే. కథ ముందు తెలుగులో చెప్పాలి. పంచతంత్రంలోని కోతి మొసలి కథనే తీసుకుందాం. కోతి గుండె చెట్టు మీద దాచిందన్న చమత్కారం తెలుగులో తెలిసిన బిడ్డకు, అదే కథ ఇంగ్లీషు బొమ్మల పుస్తకంలో ఎదురైతే, ప్రతి మాటా తెలియకపోయినా కథ చేయి పట్టుకొని నడిపిస్తుంది. 'మంకీ', 'రివర్', 'హార్ట్' అన్న మాటలు బొమ్మల్లోనే దొరుకుతాయి. 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్టు 'నెహ్రూ బాల పుస్తకాలయం' పేరిట ఒకే పుస్తకాన్ని అనేక భారతీయ భాషల్లో చౌకగా అందిస్తూ వచ్చింది. ఒకే కథను తెలుగులోను, ఇంగ్లీషులోను తెచ్చుకొని పక్కపక్కన పెట్టి చదివే ఇంట్లో ట్యూషను మాస్టారి అవసరం చాలావరకు తగ్గుతుంది.

చదివిన కథను బిడ్డచేత తిరిగి చెప్పించడం రెండవ మెట్టు. ఇంగ్లండులో ఛార్లట్ మేసన్ అనే విద్యావేత్త 1886లో 'హోమ్ ఎడ్యుకేషన్' అన్న గ్రంథం ప్రకటించారు. ఒకసారి మాత్రమే చదివి వినిపించి, విన్నదాన్ని బిడ్డ తన సొంత మాటలలో తిరిగి చెప్పడం ఆమె పద్ధతికి ప్రాణం. ప్రశ్నలు వేయడం, తప్పులు దిద్దడం మధ్యలో ఉండవు. తల్లి విన్నదంతా వింటుంది. ఈ పని మన ఇళ్ళలో కొత్తది కాదు. హరికథ విని వచ్చి అరుగు మీద దాన్ని మళ్ళీ చెప్పిన పిల్లలు ఎందరో. ఇంగ్లీషులో విన్న కథను తెలుగులో చెప్పమని అడగడంలో ఒక సౌలభ్యం కూడా ఉంది. బిడ్డకు ఏమి అర్థమయిందో, ఏది కాలేదో ఇంగ్లీషు రాని తల్లికి సైతం తేటతెల్లమవుతుంది. వల్లె వేసినదాన్ని తెలుగులో చెప్పడం ఎవరివల్లా కాదు.

చదవడం దగ్గర మన పిల్లలకు ఎదురయ్యే చిక్కు వేరు. తెలుగులో అక్షరం పేరు, దాని పలుకు ఒక్కటే. 'క' పేరు క, పలుకూ క. వర్ణమాల వచ్చి, గుణింతాలు, ఒత్తులు వచ్చినవాడు అర్థం తెలియని పుస్తకాన్నయినా పైకి చదవగలడు. ఇంగ్లీషులో అక్షరాలు 26. వాటితో వ్రాయవలసిన ధ్వనులు సుమారు 44. పైగా అక్షరం పేరు ఒకటి, పలుకు మరొకటి. 'సి' అనే అక్షరం పిల్లి పేరులో 'క్' అని పలుకుతుంది. 'డబ్ల్యూ' అన్న పేరులో దాని ధ్వని ఎక్కడా లేదు. 'వై' పేరు వకారంతో మొదలై మాటలో యకారమవుతుంది. 'సి, ఎ, టి' అని పేర్లు వల్లించిన బిడ్డకు అవి కలిస్తే 'క్యాట్' ఎట్లా అవుతుందో అంతుబట్టదు. బిడ్డ మందబుద్ధి అనుకుంటారు. నిజానికి ఆ బిడ్డ అక్షరం పేరే దాని పలుకన్న తెలుగు న్యాయాన్ని నమ్మి నడుస్తున్నది.

కాబట్టి పేర్లకంటె ముందు పలుకులు నేర్పాలి. ఇక్కడ తెలుగు అక్షరజ్ఞానం అడ్డు కాదు, గొప్ప సాధనం. మనకు 'పొల్లు' తెలుసు. అచ్చు లేని హల్లును క్, ట్, ప్, న్ అని వ్రాసి చూపగలం. ఇంగ్లీషు హల్లులన్నీ పొల్లు హల్లులే అని చెబితే, గుణింతం వచ్చిన పిల్లవాడికి సగం రహస్యం విడిపోతుంది. ఎస్, ఎ, టి, పి, ఐ, ఎన్ అనే ఆరు అక్షరాల పలుకులు వస్తే చాలు. సిట్, పిన్, టిన్, ట్యాప్, న్యాప్ అని చిన్న చిన్న మాటలు కూడబలుక్కొని చదవవచ్చు. వారం తిరిగేసరికి బిడ్డ తనంత తానుగా ఒక మాట చదివిన ఆనందం చూస్తారు. ఇరవై ఆరు అక్షరాలూ వరుసగా పూర్తయ్యేదాకా ఆ ఆనందాన్ని వాయిదా వేయడం ఎందుకు?

నియమానికి లొంగని మాటలు తరువాత వస్తాయి. కత్తికి 'నైఫ్' అంటారు, ముందు పలకని 'కె' ఒకటి ఉంటుంది. పిల్లలు ఎందుకని అడిగితే 'అది అంతే' అనకూడదు. ఒకప్పుడు ఇంగ్లండులో ఆ 'కె'ను పలికేవారు. 1476లో కాక్స్టన్ అక్కడ ముద్రణాలయం నెలకొల్పాక క్రమంగా వర్ణక్రమం అచ్చులో స్థిరపడింది. జనం నోటిలో మాట మాత్రం మారుతూ పోయింది. అచ్చు నిలిచిపోయింది, పలుకు నడిచిపోయింది. ఈ సంగతి చెబితే ఎనిమిదేళ్ళ పిల్లలకు ఇంగ్లీషు స్పెల్లింగు మీద కోపం పోయి, వినోదంగా ఉంటుంది.

వాక్యం దగ్గర మరికొన్ని తికమకలు. మనకు క్రియ చివర, వారికి మధ్యలో. 'ఆయన డాక్టరు' అని మనం క్రియ లేకుండానే వాక్యం ముగిస్తాం. వారికి 'ఈజ్' లేకుంటే వాక్యం నిలబడదు. 'బల్ల మీద' అని మనం వెనుక పెట్టే మాటను వారు ముందు పెడతారు. ఆవు వచ్చింది, అక్క వచ్చింది, రైలు వచ్చింది అని మనకు అన్నింటికీ ఒకే క్రియ. అందుచేతనే మన పిల్లలు 'హి', 'షి', 'ఇట్' లను తారుమారు చేస్తారు. ఇవి అజ్ఞానపు గుర్తులు కావు, తెలుగు గట్టిగా వచ్చినదానికి గుర్తులు. ఇంతవరకు తెలిసిన పెద్దలు కసురుకోవడం మానేస్తారు. "ఐ ఈటెడ్ ఇడ్లీ" అని బిడ్డ అంటే, తప్పు అని ఆపవద్దు. "ఓహో, యూ ఏట్ ఇడ్లీ! ఎన్ని తిన్నావు?" అంటే చాలు. సరైన మాట చెవిన పడింది, సంభాషణ తెగలేదు. ఆ తప్పు వెనుక ఒక తెలివి కూడా ఉంది. గడిచినదాన్ని చెప్పడానికి మాట చివర ఏదో చేరుతుందన్న నియమాన్ని ఎవరూ చెప్పకుండానే ఆ బిడ్డ కనిపెట్టింది.

వ్రాత ఆఖరిది. చేతి వేళ్ళు గట్టిపడని వయసులో పెద్దబడి అక్షరాలు, చిన్నబడి అక్షరాలు, మళ్ళీ రెండింటికీ గొలుసుకట్టు అని నాలుగు రకాల వ్రాతలు నేర్పడం హింస. పుస్తకాలలో ఎక్కువగా కనిపించే చిన్నబడి అక్షరాలతో మొదలుపెట్టడం సబబు. ఏమి వ్రాయాలన్నది అంతకంటే ముఖ్యం. వంటింటి డబ్బాల మీద ఉప్పు, పప్పు, చక్కెర అని తెలుగులోను, వాటి కిందనే ఇంగ్లీషులోను చీటీలు వ్రాసి అంటించే పని బిడ్డకు అప్పగిస్తే, వ్రాత అక్కరకు వచ్చే పని అవుతుంది. అమ్మ కూడా రోజుకు నాలుగుసార్లు ఆ మాటలు చూస్తుంది. ఇట్లా బిడ్డతోపాటు ఇంగ్లీషు చదవడం నేర్చుకునే తల్లులకు కొదవ ఉండదు; పనిగట్టుకొని నేర్పితే ఇష్టపడనివారు సైతం చీటీల దగ్గర నేర్చుకుంటారు.

1928 వేసవిలో జవాహర్‌లాల్ నెహ్రూ అలహాబాదులో, పదేళ్ళ కూతురు ఇందిర ముస్సోరీలో ఉన్నారు. భూమి ఎట్లా పుట్టింది, రాళ్ళు ఏమి చెబుతాయి, తొలి మానవులు ఎట్లా బ్రతికారు అంటూ ఆయన ఆమెకు ఇంగ్లీషులో ముప్పై ఉత్తరాలు వ్రాశారు. మరుసటి ఏడు అవి పుస్తకంగా వచ్చాయి. హిందీలోకి అనువదించినవారు ప్రేమ్‌చంద్. ఆ ఉత్తరాలలో వ్యాకరణ పాఠం ఒక్కటీ లేదు. తెలుసుకోవాలన్న కోరిక ముందు, భాష దాని వెనుక. ఊరికి దూరంగా పనిచేసే తండ్రులు, వాచ్‌మన్ ఉద్యోగాల మీద, కాంట్రాక్టు పనుల మీద వెళ్ళినవారు, రెండు వాక్యాలు తెలుగులో, ఒక వాక్యం ఇంగ్లీషులో వ్రాసి బిడ్డకు పంపితే, ఆ కాగితాన్ని బిడ్డ ఎన్నిసార్లు చదువుతుందో లెక్కపెట్టలేం. అంతటి శ్రద్ధ ఏ వాచకానికీ దక్కదు.

1956లో రాజ్యాంగానికి చేర్చిన 350-ఎ అధికరణం భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యాలు కల్పించవలసిందిగా రాష్ట్రాలకు చెబుతున్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానం, సాధ్యమైనచోట కనీసం 5వ తరగతి వరకు, వీలైతే 8వ తరగతి వరకు, ఇంటి భాషలోనే బోధన సాగాలని సూచించింది. ఇంగ్లీషు బోధనలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చేందుకు 1958లో హైదరాబాదులోనే ఒక కేంద్ర సంస్థ ఏర్పడింది. 2007లో అది కేంద్రీయ విశ్వవిద్యాలయమయింది. చట్టాలు, విధానాలు, సంస్థలు ఉన్నాయి. బడి మాధ్యమం మీద వాదోపవాదాలు శాసనసభల్లోను, న్యాయస్థానాల్లోను జరుగుతూనే ఉంటాయి. బడి ఏ మాధ్యమంలో ఉన్నా, బడి వదిలిన తరువాత ఇంట్లో జరిగే సంభాషణ మాత్రం ఆ ఇంటివారి చేతిలోనిదే.

తెలుగువారు తెలుగునాట మాత్రమే లేరు. ఖడ్గపూరు రైల్వే వాడల్లో, షోలాపూరు చేనేతల వీధుల్లో, సూరతు మిల్లుల చుట్టూ తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. అక్కడి బిడ్డకు ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ గాని మరాఠీ గాని గుజరాతీ గాని, బజారులో హిందీ. ఇంగ్లీషు ఆ బిడ్డకు నాలుగవ భాష. ఆశ్చర్యమేమిటంటే, ఆ పిల్లలకు మరొక భాష అంటే బెదురు తక్కువ. ఒక వస్తువుకు నాలుగు పేర్లుండడం వారికి పుట్టుకతో తెలిసిన సంగతి. ఒకే భాష గల ఊళ్ళో పెరిగే బిడ్డకంటె వారు ఈ విషయంలో ధనవంతులు.

సముద్రాలు దాటి వెళ్ళిన ఇళ్ళలో కథ తలక్రిందులుగా నడుస్తుంది. అమెరికాలోని తెలుగు ఇంట్లో ఆరేళ్ళ పిల్లకు ఇంగ్లీషు ఎవరూ నేర్పనక్కరలేదు. వీధీ బడీ నేర్పుతాయి. అక్కడ తల్లి తెలుగు కోసం తాపత్రయపడుతుంది. గుంటూరులోనో కరీంనగరులోనో ఉన్న అమ్మమ్మ ఫోను తెర మీద మనుమరాలిని చూసి మురిసిపోతుంది గాని, ఇద్దరికీ మాట కలవదు. ఇక్కడ "వాటర్ అనాలి" అన్న తల్లే, అక్కడ "నీళ్ళు అనమ్మా" అని బ్రతిమాలుతుంది. రెండు ఇళ్ళలోనూ మందు ఒకటే. రెండు భాషలలోనూ తెలిసిన కథ ఒకటి కావాలి, దాన్ని తిరిగి చెప్పేవారు ఒకరు, వినేవారు ఒకరు కావాలి.

రోజుకు ఎంతసేపు అని తల్లిదండ్రులు అడుగుతారు. ఐదారేళ్ళ బిడ్డకు ఇరవై నిమిషాలు చాలు. అది రాత్రి అన్నాలకు ముందు, కళ్ళు మూతలుపడే వేళ కాకూడదు. నల్లగొడుగు మాస్టారి పాఠం జ్ఞాపకం ఉంచుకోవాలి. ఆటలాడి వచ్చి, కాళ్ళు కడుక్కొని, ఏదో కాస్త తిన్న తరువాత, పెద్దలలో ఎవరో ఒకరు పని మానుకొని పక్కన కూర్చోగలిగిన వేళ మంచిది. ఆ కూర్చునేది చదువురాని నాయనమ్మ అయినా సరే. బిడ్డ వేలుపెట్టి ఒక్కొక్క మాటా కూడబలుక్కొని చదువుతుంది. చదివినదాన్ని నాయనమ్మకు తెలుగులో చెబుతుంది. 'బాండికూట్' అంటే ఏమిటే అని నాయనమ్మ అడుగుతుంది. పందికొక్కు అని తెలియగానే, తన చిన్నతనంలో వరి కుప్పల కింద పందికొక్కులు తవ్విన కన్నాల సంగతి ఎత్తుకుంటుంది. పుస్తకం కొంతసేపు ఒడిలో మూసి ఉంటుంది. తరువాత మళ్ళీ తెరుస్తారు.